ఆ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి?

మొన్న మధ్యాహ్నం ఎదురింటావిడ వచ్చి ఓ రంగుల కాగితం నా చేతిలో పెట్టింది. ఎనిమిది మడతలు, నిగనిగలాడే అచ్చు, ముట్టుకుంటే వేలిముద్ర పడేంత నునుపు.

"అక్కా, నువ్వు కథలు, నవలలు బాగ చదువుతవు గద. ఇది జర చదివి ఎట్లున్నదో చెప్పు. దసరా సెలవులల్ల వైజాగ్ పోదామని పిల్లలు ఒకటే గొడవ" అంది.

నేను నవలల మీద అభిప్రాయాలు రాశాను, సినిమాల మీద రాశాను, ఒకసారి మా తోడికోడలు పెట్టిన ఉసిరావకాయ మీద కూడా రాసి మాటలు పడ్డాను. యాత్రల కంపెనీ కరపత్రాన్ని విమర్శించమని అడిగిన వాళ్ళు ఇంతవరకూ లేరు. అయినా ఎందుకు విమర్శించకూడదు చెప్పండి? ఈ రోజుల్లో నవల చదివేవాళ్ళకంటే వీటిని చదివేవాళ్ళే ఎక్కువ. పైగా నవల నచ్చకపోతే పోయేది మహా అయితే నాలుగు గంటలు. దీన్ని నమ్మితే పోయేది ఏడాది పొడుగునా దాచుకున్న డబ్బు. అంచేత సాయంత్రం కాఫీ దగ్గర పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, శ్రద్ధగానే చదివాను.

మొదట బొమ్మ. కవరు మీద నీలం అంటే నీలం కాదు, నెమలికంఠం లాంటి నీళ్ళు. అందులో కొమ్మలు కొమ్మలుగా పగడాలు. వాటి మధ్య నారింజరంగు మీద తెల్ల చారలున్న చిన్న చేప. కింద పెద్దక్షరాలతో విశాఖపట్నం అని. ఏమాట కామాటే చెప్పుకోవాలి, బొమ్మ చాలా బాగుంది. వచ్చిన చిక్కల్లా అది విశాఖపట్నం కాకపోవడమే.

ఆ చారల చేప పగడపు దిబ్బల్లో కాపురముండే జీవి. మన దేశంలో పగడపు దిబ్బలకి పేరుపడ్డవి అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. విశాఖ రాళ్ళ మీద అక్కడక్కడ పగడపు జీవులు లేకపోలేదు గాని, కవరు మీద పరిచినట్టు తోటలు తోటలుగా ఉండవు. మన తీరపు నీళ్ళు ఆ రంగులో ఉండవు కూడా. గోదావరి, కృష్ణ, మహానది తెచ్చిపోసే ఒండ్రుకి బంగాళాఖాతం ఒడ్డున మసకగానే ఉంటుంది. కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిమీద బోర్లా తేలుతూ కిందకి చూడడాన్ని స్నార్కెలింగ్ అంటారు. దానికి ముందు కావలసింది కింద ఏముందో కనిపించే తేటనీళ్ళు. అవి లేనిచోట గొట్టం ఒక్కటే మిగులుతుంది.

పెళ్ళిచూపులకి ఒక పిల్ల ఫోటో పంపి, పీటలమీద వేరే పిల్లని కూర్చోబెడితే మనం ఊరుకుంటామా? ఆ పీటలమీది పిల్ల తక్కువదని కాదు. ఆమె మొహం ఆమెకుంది. దాన్ని దాచి పక్కింటి పిల్ల మొహం పంపించడంలోనే అవమానమంతా ఉంది. ఈ కరపత్రం మీద నా మొదటి ఫిర్యాదు అదే.

రెండోది, భాష. సర్ఫింగ్, స్నార్కెలింగ్, స్కూబా, బనానా రైడ్... హోటల్లో ఇడ్లీ, వడ, దోసె అని సర్వరు ఏకరువు పెట్టినట్టుంది. ఏది ఏ నెలలో వీలవుతుందో, ఈత రానివాళ్ళు దేనికి దూరంగా ఉండాలో ఒక్క ముక్క లేదు. అలలు దాటడమనే విద్య ఈ మధ్యే విమానంలో దిగినట్టు రాశారు. పలక మీద నిలబడి అల మీద జారడం హవాయి దీవుల వాళ్ళ విద్య, నిజమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అది మొదటిసారి పతకాల ఆటయింది, అదీ నిజమే. కాని కోరమండల్ తీరంలో ఓడరేవులు కట్టకముందు ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే, మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చినవి మసూలా పడవలు. ఒక్క మేకు లేకుండా, పలకల్ని కొబ్బరి పీచుతాడుతో కుట్టి చేసేవారు. మేకులు కొట్టిన పడవైతే అల దెబ్బకి విచ్చిపోతుంది. కుట్టుపడవ అలతో పాటు కాస్త వంగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. దుంగలు కట్టిన తెప్పల మీద జాలర్లు ఎన్ని తరాలుగా ఆ అలలు దాటారో! వాళ్ళ ఊసే ఈ కాగితంలో లేదు. ఎనిమిది మడతల్లో ఒక్క జాలరి మొహం లేదు, వెతికి చూశాను.

అయితే తప్పంతా కరపత్రం రాసినవాడి మీదకే తోసెయ్యడం న్యాయం కాదు. మన సాహిత్యం, సినిమాలూ సముద్రానికి ఏం ఉద్యోగాలిచ్చాయో గుర్తు తెచ్చుకోండి. సీరియల్ నవలల్లో కథానాయిక మనసు బాగాలేనప్పుడు బీచికెళుతుంది. పైట గాలికి ఎగురుతుంది. దూరంగా ఓడ దీపాలు. కన్నీళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చేస్తుంది. ఎన్ని చదివాను, ఎన్నింటికి నేనూ కళ్ళు తుడుచుకున్నాను! ఒక్క దాంట్లోనైనా ఆ అమ్మాయి మోకాలు దాటి నీళ్ళలోకి దిగినట్టు గుర్తులేదు. 1978లో బాలచందర్ తీసిన 'మరోచరిత్ర' సంగతే చూడండి. విశాఖ, భీమిలి తీరాల్ని అంత అందంగా అంతకుముందు ఎవరూ చూపించలేదని ఇప్పటికీ అంటాను. కమల్‌హాసన్, సరిత ఆ ఇసుకలో పరిగెడుతుంటే మా కాలం ఆడపిల్లలందరికీ సముద్రం ఓ ప్రేమలేఖ అయిపోయింది. అదే కథని 1981లో హిందీలో తీసినప్పుడు సముద్రాన్ని గోవాకి మార్చారు. ఎక్కడా ఏ లోటూ రాలేదు. నాకు తోచేదేమిటంటే, ఒక కథలోంచి ఒక సముద్రాన్ని తీసేసి ఇంకోటి పెట్టినా ఏ తేడా రాలేదంటే, ఆ కథకి సముద్రం తెర మాత్రమే. కవరు మీద అండమాన్ చేపని అతికించినవాడు కూడా ఆ బళ్ళోనే చదువుకున్నాడు.

మరి యాత్ర గురించి ఎలా రాయాలి అంటారా? నా దగ్గర పాత కొలబద్ద ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో బయలుదేరి, కాశీ చూసి, తిరుగు ప్రయాణంలో తూర్పుతీరం వెంట దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. 1838లో పుస్తకం అచ్చయింది. మొదట్లో నాకు విసుగొచ్చిన మాట నిజం. ప్రతి మజిలీ దగ్గరా దారి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, నీళ్ళు దొరుకుతాయా, మంచివేనా, ఇవే లెక్కలు. ఇదేం యాత్ర, పచారీ చిట్టాలా ఉంది అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు తెలిసింది. వెనకాల వచ్చేవాడు దాహంతో ఇబ్బందిపడకూడదని రాసిన పుస్తకమది. అందుకే ఇన్నేళ్ళయినా నిలిచింది.

ఆ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి? యాత్రా రచన దేనినైనా నేనడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇది నాకు వీరాస్వామయ్యగారు ఒక్కరే నేర్పలేదు, మా ఊరూ నేర్పింది.

నేను పటాన్‌చెరు కోడల్నై ముప్పై ఏళ్ళు దాటింది. కొత్తలో మేడ మీద నుంచి చూస్తే దూరంగా చెరువు మెరుస్తుండేది. సాయంత్రం ఎర్రటి ఎండ పడితే ఎంత బాగుండేదని! "ఆ నీళ్ళు ముట్టకమ్మా, బర్రెలు గూడ తాగుత లేవు" అంది పాలు పోసే ముసలమ్మ. మందుల కంపెనీలూ రసాయనాల కంపెనీలూ వదిలిన నీళ్ళు చెరువుల్ని, నక్కవాగుని ఏం చేశాయో ఈ చుట్టుపక్కల పొలాలున్న ఏ రైతునడిగినా చెబుతాడు. 1990లో ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఓ పరిశోధన ప్రకటించారు. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రంలోంచి శుద్ధయి బయటికొచ్చిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మనకి డాక్టరు రాసిచ్చే మందే. ప్రపంచమంతా ఆ లెక్క చూసి ముక్కున వేలేసుకుంది. మావారు ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశారు. ఆయన జీతం అలాంటి ఓ కంపెనీ నుంచే వచ్చేది. ఆ రోజు మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో, గోదావరి బంగాళాఖాతంలో. తరవాత పైపులైను వేసి శుద్ధి కేంద్రం నీళ్ళని అంబర్‌పేట వైపు, మూసీ వైపు మళ్ళించారు. మూసీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణా పోయేది బంగాళాఖాతానికే. ఇంత లోపల, ఇసుక రేణువైనా కనబడని ఊళ్ళో కూర్చుని నాకు సముద్రంతో ఏం పని అనుకునేదాన్ని. నా గుమ్మం ముందు నుంచే దారి ఉందన్నమాట.

ఇంకో చిత్రం చెప్పనా? మాకు పాతిక కిలోమీటర్లు కూడా లేని ప్రగతినగర్‌లో సముద్రం నాడి చూసే ఆఫీసుంది. ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. 2004 డిసెంబరు 26 సునామీ తరవాత, 2007లో అక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. రేపు ఏ తీరంలో అల ఎంత ఎత్తు లేస్తుంది, జాలర్లకి చేప ఏ దిక్కున దొరకొచ్చు, ఇవన్నీ అక్కడ్నించే చెబుతారు. సర్ఫింగ్ చేసేవాళ్ళు ఎదురుచూసే పెద్ద అలలు చాలావరకు ఒడ్డున పుట్టినవి కావు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో గాలి వీస్తే లేచి, రోజుల తరబడి ప్రయాణం చేసి మన దగ్గరికొస్తాయి. ఈ కరపత్రం రాసిన పెద్దమనిషి హైదరాబాదు వాడే, వెనకాల అడ్రసుంది. ఆ ఆఫీసు చెప్పే అలల సంగతి ఒక్క లైను వేస్తే ఆయన సొమ్మేం పోయింది?

నేను ఏ అర్హతతో మాట్లాడుతున్నానంటారేమో. ఈ మాఘమాసంలో వెళ్ళొచ్చాను. మా చెల్లెలు గాజువాకలో ఉంటుంది. మా మరిదిగారు ఇక్కడి మందుల కంపెనీలోంచే పరవాడ ఫార్మా సిటీకి మారారు. మా ఊరి పరిశ్రమ సముద్రం చూడ్డానికి మాకంటే ముందే వెళ్ళిందని మావారు నవ్వుతుంటారు. మా చెల్లెలి కొడుకు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు. "పెద్దమ్మా, బోటు షికార్లు తరవాత. ఆటు సమయంలో రాళ్ళమీదకి తీసుకెళతాను రా" అన్నాడు.

ఆటు, పోటు అన్న మాటలు మనం ఎన్ని వ్యాసాల్లో వాడేశామో! ఆటు అంటే నీళ్ళు వెనక్కి తగ్గడమని, అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు మిగతా రోజులకంటే బాగా తగ్గి, మరీ పైకొస్తాయనీ వాడు చెబుతుంటే నాకు సిగ్గేసింది. ఇంట్లో గోడమీద పంచాంగం కేలండరు తగిలించుకుని, ఏకాదశులూ వర్జ్యాలూ తప్ప ఏనాడూ సముద్రానికి పనికొస్తుందని చూడలేదు.

తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళున్నాయి. నీళ్ళు తగ్గాక ఆ రాళ్ళ సందుల్లో చిన్న చిన్న గుంటలు మిగిలాయి. చీర కుచ్చెళ్ళు దోపుకుని ఒక గుంట పక్కన చతికిలబడ్డాను. మొదట ఏమీ కనబడలేదు. "కదలకుండా చూడు పెద్దమ్మా" అన్నాడు. ఒక నిమిషం పోయాక రాయి అనుకున్నది పువ్వులా విచ్చుకుంది. సీ అనిమోన్ అట. పువ్వు కాదు, జంతువు. రేకులనుకున్నవి దాని చేతులు, వాటితోనే తిండి పట్టుకుంటుంది. రాయినిండా పొక్కుల్లా అంటుకున్నవి గుల్లజీవులు. ఓడల అడుగున పట్టి నావికుల్ని విసిగించేవీ ఇవే. నల్లటి ముళ్ళబంతి ఒకటి, పారదర్శకమైన రొయ్య పిల్ల ఒకటి. గొట్టం లేదు, అద్దం లేదు, టిక్కెట్టు లేదు. నా వయసులో, నా మోకాళ్ళ నొప్పులతో, ఈత రాకుండా, కట్టిన చీరతో నేను చూసిన సముద్ర జీవులివి.

దేవుడి గదిలో పెట్టుకుందామని ఓ అందమైన శంఖు ఏరి చేతిసంచిలో వేసుకున్నాను. కాసేపటికి సంచిలో గీరుతున్న చప్పుడు. తీసి అరచేతిలో పెట్టుకుంటే సన్నటి కాళ్ళు బయటికొచ్చాయి. సన్యాసి పీత. తనకంటూ గుల్ల ఉండదు కనక ఎవరో వదిలేసిన గుల్లలో తలదాచుకుంటుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఇళ్ళు మారుస్తుంటుంది. పదకొండు అద్దె కొంపలు మారిన నాకు ఆ కష్టం ఎవరూ చెప్పక్కర్లేదు. తీసిన గుంటలోనే మళ్ళీ వదిలాను.

ఒడ్డున చేపలు ఆరబెట్టుకుంటున్న ఒకావిడతో మాటలు కలిపాను. కవళ్ళు ఒక పక్క, కానాగంతలు ఒక పక్క. అలల మీద పలకలతో ఆడుతున్న కుర్రాళ్ళని చూపించి సర్ఫింగ్ అంటారటగా అన్నాను.

"పేరేటో నాకు తెల్దమ్మా. మా గుంటలు సెక్కముక్క దొరికితే సాలు, ఎప్పట్నించో ఆడతన్నారు" అంది.

నా అలవాటు ప్రశ్న ఆవిణ్ణీ అడిగాను, నీళ్ళెలా ఉన్నాయని.

"పైకి బాగానే ఉంటాదమ్మా. లోన ఎలాగుందో సేపనడగాల. ఇదివరకు ఈ దగ్గర్లోనే దొరికీది. ఇప్పుడు మా ఆయన దూరం పోతన్నాడు."

వీరాస్వామయ్యగారైతే ఈ మాట పుస్తకంలో రాసుకునేవారు. నేనూ రాసుకున్నాను.

ఇంకో రెండు సంగతులు కరపత్రంలో ఉండవలసినవి, లేనివి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఈ ఇసుకలోకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి నూరు దాకా పెడుతుంది. అటవీశాఖ వాళ్ళు వాటిని కంచె వేసిన చోట పాతిపెట్టి కాపాడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. వెలుతురున్న వైపు నడవడం వాటి స్వభావం. సముద్రం మీది వెలుగనుకుని హోటళ్ళ దీపాల వైపు నడిచేస్తాయి. ఆ దీపాలకి ఎదురుగా ఉన్న గదులకే ఈ కాగితంలో రేటెక్కువ. రెండోది, 2021 డిసెంబరులో తంతడి ఒడ్డుకి ఓ తిమింగల సొర కొట్టుకొచ్చింది. ప్రపంచంలో దానికంటే పెద్ద చేప లేదు. అటవీశాఖ వాళ్ళూ జాలర్లూ కలిసి దాన్ని బతికుండగానే మళ్ళీ సముద్రంలోకి పంపించారు. పరవాడకి దగ్గర్లోనే ఆ ఊరు. కవరు మీద వెయ్యవలసిన బొమ్మ అది కాదూ!

న్యాయంగా ఒక్క మంచిమాట కూడా చెప్పాలి. రుషికొండకి 2020లో 'బ్లూ ఫ్లాగ్' వచ్చిందని కరపత్రం రాసింది. అది నిజం. డెన్మార్కులోని సంస్థ ఒకటి ఇచ్చే గుర్తింపది. దానికి 33 షరతులు. స్నానపు నీళ్ళని పరీక్షించాలి, ఆ ఫలితాలు అందరికీ కనబడేలా బోర్డు మీద పెట్టాలి, ప్రాణరక్షకులుండాలి. అంటే మన ప్రశ్నకి జవాబు చెప్పి తీరవలసిన జెండా. 2025 మార్చిలో నిర్వహణ బాగాలేదని ఆ గుర్తింపు తాత్కాలికంగా తీసేశారు. లోపాలు సరిచేశాక ఆ నెల్లోనే తిరిగిచ్చారు. కరపత్రం ఆ సగం మింగేసింది. నన్నడిగితే, తీసేసి మళ్ళీ ఇచ్చారంటేనే ఆ జెండా మీద నమ్మకం పెరుగుతుంది.

ఇహ మరీ కోపం తెప్పించిన వాక్యం: అలలు లేకుండా ప్రశాంతంగా ఉన్నచోట పిల్లలతో హాయిగా దిగొచ్చునట. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నిశ్శబ్దంగా ఉందంటే చాలాసార్లు అదే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ సముద్రంలోకి వెనక్కి పోయే దారి అది. లాగేస్తుంది. దానికి ఎదురీదితే అలిసిపోతారు. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. రానివాళ్ళు మోకాలు దాటి దిగకూడదు. విశాఖ తీరంలో ఏటా ఎంతమంది తల్లుల కడుపుకోతో పేపర్లో చూస్తూనే ఉన్నాం. నవల్లో తప్పుడు వాక్యముంటే విమర్శకులు చీల్చి చెండాడతారు. దీన్ని అడిగేవాళ్ళు లేరు.

మాఘ పౌర్ణమినాడు ఆ ఒడ్డునే ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా సముద్రస్నానానికి దిగడం చూశాను. పసుపు రాసుకున్న మొహాలు, ఒకరి చేతులొకరు పట్టుకుని గొలుసులా నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఒక్కసారి కేకలూ నవ్వులూ. నా చెయ్యి పట్టుకున్నావిడ ఎవరో ఇప్పటికీ తెలియదు. అల వెళ్ళాక కూడా కాసేపు వదల్లేదు. ఏ సీరియల్ కథానాయికకీ దక్కని సముద్రమది.

ఇదంతా నాలుగు పేజీలు రాసి ఎదురింటావిడకి చదివి వినిపించాను. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా వింది.

"అంత మంచిగనే ఉన్నది గని అక్కా, ఇంతకీ పోవాల్నా, వద్దా?"

"పోండి. ఈ కాగితం ఇక్కడ వదిలేసి పోండి" అన్నాను.

ఆవిడ లేచి గోడకున్న కేలండరు దగ్గరికెళ్ళి పేజీలు తిప్పుతూ, దసరా తరవాత పున్నమి ఎప్పుడొస్తుందో వేలుపెట్టి వెతుకుతోంది.